కైమా ఉండలు వేయించకుండా నేరుగా కుక్కర్‌లో పెడితే విడిపోకుండా ఉంటాయా?

కొత్తపేట_కోడలు (గుంటూరు) · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆదివారం మా ఆడపడుచులిద్దరూ పిల్లలతో వస్తున్నారు. వాళ్లకి అత్తయ్యగారి చేతి కైమా ఉండల కూరంటే ప్రాణం. ఆవిడ ఒక్కో ఉండనీ నూనెలో ఎర్రగా వేయించి, తర్వాత మసాలాలో వేసి మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనిస్తారు. ఈమధ్య డాక్టరు నూనె బాగా తగ్గించమన్నారు. అంతసేపు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక కూడా ఆవిడకి లేదు. అందుకని ఈసారి నేను చేస్తానన్నాను.

కిలో వేటమాంసం కైమా. ఇంట్లో ఐదు లీటర్ల కుక్కర్ ఉంది. పచ్చి ఉండల్నే మసాలాలో వేసి కుక్కర్ పెట్టేయొచ్చా? మూత తీసేసరికి ఉండలన్నీ చెదిరి మామూలు కైమా కూర అయిపోతుందని మా పక్కింటావిడ భయపెట్టారు. ఎన్ని కూతలు రానివ్వాలో, నీళ్లు ఎంత పోయాలో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

---

నరసరావుపేట_బాబాయ్ · శుక్రవారం రాత్రి 9:52

మూడు కూతలు చాలమ్మా. మా ఇంట్లో అంతే.

---

బెంజిసర్కిల్_భోజనప్రియుడు · శుక్రవారం రాత్రి 10:15

వేయించకుండా మాత్రం పెట్టకండి మేడం. పైన కాస్త గట్టి పొర కట్టాలంటే నూనెలో పడాల్సిందే. కుక్కర్ లోపల మసాలా ఎంత ఉధృతంగా మరుగుతుందో మనకి కనపడదు. ఆ పొర లేకపోతే ఉండ నిలవదు. పైగా వేయించిన వాసన లేని కైమా ఉండలకి అసలు రుచేముంటుంది? నూనె వద్దనుకుంటే పెద్దావిడకి నాలుగు ఉండలు విడిగా ఉడికించి ఇవ్వండి, మిగతావాళ్లకి పాత పద్ధతిలోనే చేయండి.

---

పటమట_పిన్ని (విజయవాడ) · శుక్రవారం రాత్రి 10:48

అమ్మాయ్, నిశ్చింతగా పెట్టుకో. మా ఇంట్లో ఏళ్ల తరబడి ఇట్టాగే చేస్తున్నాం. వేయించేది రుచి కోసం. విడిపోకుండా పట్టి ఉంచేది మాత్రం నూనె కాదు, కైమాలో పడ్డ ఉప్పు, దాన్ని నువ్వు పిసికిన పిసుకుడు. ఇది సరిగ్గా చేస్తే గుడ్డు అక్కర్లేదు, శనగపిండి అక్కర్లేదు, బ్రెడ్డు పొడి అసలే అక్కర్లేదు.

ముందు కైమాలో ఉప్పు, పసుపు మాత్రమే వెయ్యి. కిలోకి రెండు చిన్న చెంచాల ఉప్పు సరిపోద్ది, మిగతాది కూరలో చూసుకోవచ్చు. వెడల్పాటి బేసిన్‌లో వేసుకుని అరచేతి మొదలుతో నొక్కుతూ, మడతపెడుతూ పిసకాలి. మొదట్లో పలుకు పలుకుగా విడిపోతా ఉంటది. ఐదారు నిమిషాలు గడిచేసరికి ఎరుపు కాస్త పాలిపోయి, జిగురొచ్చి, వేళ్లకి అంటుకుని సాగుద్ది. పిడికెడు తీసుకుని అరచెయ్యి బోర్లించు. కింద పడకుండా చేతికే పట్టుకుని ఉంటే అయినట్టు. పడిపోతే ఇంకాసేపు పిసుకు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి కైమా అయితే ఇంకా మంచిది. కొవ్వు కరిగి జారిపోకుండా మాంసంలోనే కలిసుంటది.

జిగురొచ్చాకే అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి, చెక్క లవంగాల పొడి, మెత్తగా కొట్టిన పుట్నాల పప్పు అర టీ గ్లాసు, కొత్తిమీర. పచ్చి ఉల్లిపాయ వేస్తే మిక్సీ పట్టకు, నీరంతా కారుద్ది. సన్నగా తరిగి గుడ్డలో పెట్టి గట్టిగా పిండి వెయ్యి. చేతికి నీళ్లు తడి చేసుకుని పగులు లేకుండా నున్నగా చుట్టు, పెద్ద ఉసిరికాయంత ఉండాలి. కిలోకి నలభై దాకా వస్తాయి. చుట్టినవి అరగంట ఫ్రిజ్‌లో పెట్టేయ్.

ఇక కుక్కర్. ఉల్లిపాయలు బాగా ఎర్రబడేదాకా అందులోనే వేయించి, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి వేసి పచ్చివాసన పోయాక గ్లాసున్నర నీళ్లు పోసి తెర్లనియ్. ఉండలు వేసేటప్పటికి అది కళపెళా మరుగుతా ఉండాలి. చల్లటి దాంట్లో వేశావంటే కరిగిపోతాయ్. ఒక్కొక్కటీ అంచు నుంచి జారవిడు. గరిట పెట్టకు! మూత లేకుండా మూడు నిమిషాలు వదిలేస్తే పైన తెల్లబడి బిగుసుకుంటాయి. అప్పుడు రెండు చెవులూ పట్టుకుని కుక్కర్‌ని ఒక్కసారి కుదుపు. ఐదు లీటర్ల దాంట్లో రెండు వరసలు పడతాయి, మూడో వరస మాత్రం వద్దు, కిందవి నలిగిపోతాయి.

మూతపెట్టి, మొదటి కూత రాగానే సిమ్‌లో పెట్టి ఏడు నిమిషాలు. స్టవ్ ఆపి, దానంతటది ఆవిరి దిగేదాకా ముట్టుకోవద్దు. మూత తీశాక గసగసాలు, ఎండుకొబ్బరి ముద్ద వేసి ఐదు నిమిషాలు సన్నసెగ మీద ఉంచితే చిక్కబడుద్ది. ఆ ముద్ద ముందే వేశావంటే అడుగంటుద్ది, గుర్తుపెట్టుకో.

---

కొత్తపేట_కోడలు · శుక్రవారం రాత్రి 11:05

పిన్నిగారూ, చాలా థాంక్సండీ. బాబాయ్‌గారు మూడు కూతలన్నారు, మీరు ఒక కూత, ఏడు నిమిషాలు అంటున్నారు. రెండూ ఒకటేనా?

---

ఫిజిక్స్_మాస్టారు (గవర్నర్‌పేట) · శనివారం ఉదయం 6:20

ఒకటి కాదమ్మా. కూత అనేది కాలానికి కొలత కాదు. లోపల ఒత్తిడి వెయిట్‌ని ఎత్తగలిగినంత అయినప్పుడు వచ్చే చప్పుడు అది. మంట పెద్దదైతే మూడు కూతలు రెండు నిమిషాల్లోనే అయిపోవచ్చు, చిన్న బర్నర్ మీద పది నిమిషాలు పట్టవచ్చు. కుక్కర్ నిండుగా ఉందా, సగమే ఉందా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఆయన పొయ్యి మీద మూడు కూతలు సరిగ్గానే పనిచేస్తాయి. మీ పొయ్యి మీద ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఒత్తిడి పూర్తిగా వచ్చాక మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టడమే నమ్మకమైన పద్ధతి.

మన ఇళ్లలో వాడే కుక్కర్‌లో వెయిట్ లేచే సమయానికి లోపల బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో ఒత్తిడి ఎక్కువ ఉంటుంది. అంత ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర కాక, సుమారు 121 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ వేడికి మాంసంలోని గట్టి పీచు త్వరగా కరిగి మెత్తబడుతుంది. గంట పట్టే పని పావుగంటలో అయ్యేది అందుకే. ఈ సంగతిని పట్టుకున్నవాడు ఫ్రాన్సుకి చెందిన డెనీ పాపిన్. 1679లో ఎముకల్ని సైతం మెత్తబరిచే బిగుతు మూత పాత్రని తయారుచేశాడు. అది పేలకుండా సేఫ్టీ వాల్వు పెట్టిన ఘనత కూడా ఆయనదే.

పిన్నిగారు ‘ముట్టుకోవద్దు’ అన్నమాట చాలా ముఖ్యం. స్టవ్ ఆపగానే గరిటతో వెయిట్ ఎత్తేస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. కానీ మసాలా ఇంకా 120 డిగ్రీల దగ్గరే ఉంటుంది. బయటి ఒత్తిడిలో అది ద్రవంగా నిలవలేదు. పైనే కాదు, అడుగునా మధ్యలోనా అంతటా ఒకేసారి భగ్గున మరుగుతుంది. ఉండ లోపలున్న తేమ కూడా ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. ఉండలు పగిలేది ఎక్కువగా ఆ అరనిమిషంలోనే. భోజనప్రియుడుగారు భయపడే ఉధృతం అదే. సిమ్‌లో ఒత్తిడి నిలకడగా ఉన్నంతసేపూ లోపల మరుగు తక్కువే.

---

బెంజిసర్కిల్_భోజనప్రియుడు · శనివారం ఉదయం 8:02

మాస్టారూ, వివరణ బాగుంది. విడిపోవడం సంగతి ఒప్పుకుంటాను. రుచి సంగతి మాత్రం ఒప్పుకోను.

---

కైమాకొట్టు_అబ్బాయి (గుంటూరు) · శనివారం ఉదయం 8:30

అక్కా, మాది మాంసం కొట్టే. ఆదివారం పొద్దున ఏడు దాటితే రద్దీకి కైమా మీద శ్రద్ధ పెట్టలేం, ఆరింటికే పంపించండి. ‘కైమా ఇవ్వు’ అని ఊరుకోకండి, ఉండలకి అని చెప్పండి. అప్పుడు తొడ కండ తీసుకుని, దాంట్లో పొట్ట దగ్గర కొవ్వు కాస్త కలిపి కొడతాం. ఉత్త కండే అయితే కుక్కర్‌లో ఉండలు గోళీకాయల్లా గట్టిపడతాయి. కిలోకి నూటయాభై గ్రాముల కొవ్వు ఉంటే బాగుంటది. ఈనెలు, పొరలు తీయించండి. కత్తితో కొట్టింది వేపుడికి బాగుంటది గానీ ఉండలకి మిషన్లో రెండుసార్లు తిప్పిందే పట్టు ఇస్తది.

---

కొత్తపేట_కోడలు · శనివారం ఉదయం 9:10

తమ్ముడూ, మంచి మాట చెప్పావు. ఒక సందేహం. మా అత్తయ్యగారికి కైమా కడగకుండా వండితే మనసొప్పదు. పసుపు వేసి రెండు మూడు నీళ్లతో కడుగుతారు. అట్టా కడిగితే పిన్నిగారు చెప్పిన జిగురు వస్తదా?

---

లాలాపేట_ఆపా (గుంటూరు) · శనివారం ఉదయం 9:45

రాదమ్మా. కైమా నీళ్లు పీల్చుకుంటుంది, జల్లెడలో ఎంతసేపు వార్చినా లోపల తడి ఉండిపోతుంది. పట్టు ఇచ్చే సారం కూడా కొంత ఆ ఎర్రనీళ్లతోనే పోతుంది. మా ఇళ్లలో కోఫ్తాకి చేసేది చెప్తాను. మాంసం ముక్కలుగానే తెప్పించుకుంటాం. ముక్కల్ని కడిగి, పలచటి గుడ్డ మీద ఆరబెట్టి తుడిచి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, మిక్సీలో కొద్దికొద్దిగా వేసి ఆపి ఆపి తిప్పుతాం. ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి పేస్టు అయిపోతుంది. మీ అత్తయ్యగారి పట్టింపు నిలుస్తుంది, మీ ఉండలూ నిలుస్తాయి.

ఇంకో సంగతి. మాంసం మెత్తబడాలని కొందరు పచ్చి బొప్పాయి ముద్ద వేయమంటారు. షామీ కబాబ్‌కి సరే, పెనం మీద తిప్పేది కాబట్టి. కుక్కర్‌లో పెట్టే ఉండలకి వద్దే వద్దు. బొప్పాయి మాంసంలోని పట్టునే కొరికేస్తుంది, పైన కుక్కర్ వేడి తోడైతే పిండి పిండిగా అయిపోతాయి. పాతకాలంలో మా పెద్దవాళ్లు రోట్లో దంచేవాళ్లు. కాశ్మీర్‌లో గుష్తాబా అనే ఉండల కూరకి మాంసం, కొవ్వు కలిపి కొయ్య సుత్తితో రాయి మీద గంటల తరబడి దంచుతారు. వాటినీ నూనెలో వేయించరు, పెరుగు గ్రేవీలో ఉడికిస్తారు. అంత పెద్ద ఉండలు అంత మెత్తగా ఉండీ చెదరవు. అదంతా దంపుడు బలమే.

కడగడం తృప్తి కోసమేగానీ క్రిములు పోయేది ఉడికితేనే. కైమాలో ముక్క పైనుండేదంతా కొట్టేటప్పుడు లోపలికి కలిసిపోతుంది కదా, అందుకే ఉండ నడిమధ్య కూడా 71 డిగ్రీలు దాటాలంటారు. పిన్నిగారు చెప్పిన టైముకి ఆ భయం ఉండదు. వేయించి తినేటప్పుడే పైన మాడి లోపల పచ్చిగా మిగిలేది.

---

పటమట_పిన్ని · శనివారం ఉదయం 10:20

ఆపా చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముక్కలు కడిగి మిక్సీ పట్టుకోవడమే మేలు.

అమ్మాయ్, కారం సంగతి మర్చిపోయాను. గుంటూరు వాళ్లకి నేను చెప్పాలా అనుకోకు, కుక్కర్‌లో కారం ఘాటు కూరంతా సమంగా దిగుద్ది. తేజ కారమైతే పిల్లలు తినలేరు. సన్నాల కారం వేసుకుని, రంగు కావాలంటే బ్యాడిగి కాస్త కలుపు. సగం ఉండల్లో, సగం మసాలాలో.

---

కొత్తపేట_కోడలు · ఆదివారం సాయంత్రం 5:15

ఉండలన్నీ గుండ్రంగా, ఒక్కటీ చెదరకుండా వచ్చాయండీ! మాంసం ముక్కలుగా తెచ్చి కడిగి, ఆరబెట్టి మిక్సీలోనే చేశాను. కొవ్వు విడిగా అడిగి తెప్పించాను. పిసికేటప్పుడు పిన్నిగారు చెప్పినట్టు అరచెయ్యి బోర్లిస్తే పడలేదు, అప్పుడు ధైర్యం వచ్చింది. అత్తయ్యగారు రెండోసారి వడ్డించుకున్నారు. పిల్లలు పెరుగన్నంలో కూడా నంజుకున్నారు.

అయితే పెద్ద ఆడపడుచు ‘మెత్తగా బాగున్నాయి వదినా, అమ్మ చేసిన రంగు మాత్రం లేదు’ అంది. నిజమే. లేత గోధుమరంగులోనే ఉన్నాయి, వేయించిన కమ్మదనం లేదు. నూనె పెరక్కుండా దానికేదైనా ఉపాయం ఉందా?

---

బెంజిసర్కిల్_భోజనప్రియుడు · ఆదివారం సాయంత్రం 5:40

నేను మొదట్నుంచీ మొత్తుకుంటోంది ఆ కమ్మదనం గురించేనండీ!

---

ఫిజిక్స్_మాస్టారు · ఆదివారం రాత్రి 7:05

ఆయన మాటలో న్యాయం ఉంది. మాంసం ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే పైభాగం సుమారు 140 డిగ్రీలు దాటాలి, పొడిగా ఉండాలి. కుక్కర్‌లో నీరు ఉన్నంతకాలం 121 దాటదు, తేమ పోదు. ఎన్ని నిమిషాలు పెంచినా రంగు రాదు, ఉండ బిరుసెక్కుతుంది అంతే. రంగు కుక్కర్‌కి ముందే రావాలి.

---

లాలాపేట_ఆపా · ఆదివారం రాత్రి 7:30

గుంతపొంగనాల పెనం ఉందా అమ్మా? గుంతకి నాలుగు చుక్కల నూనె చాలు. పెనం బాగా కాలాక ఉండలు పెట్టి, కింద రంగు పట్టేదాకా కదపకుండా ఉంచి, పుల్లతో ఒక్కసారి తిప్పి, రెండో వైపు కూడా రంగు రాగానే తీసేయాలి. లోపల పచ్చిగానే ఉంటుంది, ఉండనీ. మరిగే మసాలాలో వేసి, పిన్నిగారు చెప్పిన ఏడు నిమిషాలకి రెండు తగ్గించి కుక్కర్‌లో పెట్టు. కిలో ఉండలకి మొత్తం రెండు మూడు చెంచాల నూనె మించదు. పెనానికి అంటుకున్న ఎర్రటి పొర ఉంటుంది చూడు, దాన్ని పారేయకు. కాసిన్ని నీళ్లు చల్లి గీకి ఆ నీళ్లని మసాలాలోనే పోయి. సగం రుచి అందులోనే ఉంది.

---

బెంజిసర్కిల్_భోజనప్రియుడు · ఆదివారం రాత్రి 7:48

ఆపా, ఇదైతే నాకు సమ్మతమే. వచ్చే వారం చేసి చూస్తాను.

---

డాలస్_బెజవాడ · సోమవారం ఉదయం 7:55

ఇక్కడ అమెరికా నుంచి ఒక మాట. మా దగ్గర ఎలక్ట్రిక్ కుక్కర్లు, ఇన్‌స్టంట్ పాట్ లాంటివి వాడేవాళ్లే ఎక్కువ. వాటికి కూత ఉండదు. ఒత్తిడి కూడా మన స్టవ్ కుక్కర్ కంటే తక్కువ. ఒత్తిడి కొలిచే పీఎస్‌ఐ లెక్కలో మనది దాదాపు 15 అయితే ఇవి 10, 12 మధ్యలోనే ఆగుతాయి. కాబట్టి పిన్నిగారి ఏడు నిమిషాలని పది చేసుకోవాలి. మసాలా చిక్కగా ఉంటే అడుగు వేడెక్కి ‘బర్న్’ అని చూపించి ఆగిపోతుంది. ఉల్లిపాయలు వేయించాక నీళ్లు పోసి అడుగంతా గీకేస్తే ఆ బెడద ఉండదు.

ఇక్కడివాళ్లు కుక్కర్‌లో చేసే ఒక పాత వంటకం ఉంది. కైమాలో పచ్చి బియ్యం కలిపి ఉండలు చుట్టి టమాటా సాస్‌లో ఉడికిస్తారు. బియ్యం ఉబ్బి ఉండ చుట్టూ ముళ్లలా పొడుచుకొస్తుంది, అందుకే ముళ్లపంది పేరు పెట్టారు. 1930లలో ఆర్థికమాంద్యం రోజుల్లో కాస్త మాంసంతో ఇంటిల్లిపాదికీ సరిపెట్టడానికి బాగా వాడుకలోకి వచ్చింది. మన మసాలాతో, సోనామసూరి బియ్యంతో చేస్తే చాలా బాగా కుదిరింది. కిలోకి ఒక టీ గ్లాసు బియ్యం, నీళ్లు ఇంకో గ్లాసు ఎక్కువ. పుట్నాల పొడి మానేయాలి.

---

మంగళగిరి_వదిన · సోమవారం ఉదయం 10:10

గోంగూరతో కుదురుతుందాండీ కుక్కర్‌లో? ఇంకొకటి, కార్తీకమాసంలో నీచు ముట్టం కదా, అప్పుడు మీల్‌మేకర్ ఉండలు ఇట్టాగే పెట్టొచ్చా?

---

పటమట_పిన్ని · సోమవారం ఉదయం 11:00

గోంగూర విడిగా మగ్గబెట్టి మెదిపి, ఆవిరి దిగి మూత తీశాక కలపండి. ముందే వేస్తే ముద్దయి అడుక్కి చేరి మాడుద్ది. ఎర్ర గోంగూరైతే పులుపెక్కువ, కొద్దికొద్దిగా వేసి రుచి చూసుకోండి. గోంగూర వేసే రోజు గసగసాలు, కొబ్బరి ముద్ద మానేయండి, పచ్చిమిర్చి నాలుగు చీల్చి వేస్తే దాని పొగరు దానికుంటది.

మీల్‌మేకర్, అరటికాయ, సొరకాయ ఉండలు మాత్రం ఒత్తిడిలో పెట్టొద్దు. మాంసానికున్న జిగురు వాటికి లేదు, పిండి పట్టే ఆధారం. ఇడ్లీ రేకులకి నూనె రాసి గుంతకి రెండేసి ఉండలు పెట్టి, వెయిట్ పెట్టకుండా పది, పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టండి. చల్లారాక తీసి, వడ్డించే ముందు మసాలాలో వెయ్యండి.

---

నరసరావుపేట_బాబాయ్ · సోమవారం మధ్యాహ్నం 1:20

అమ్మాయిలూ, కుక్కర్ ఎక్కించే ముందు వెయిట్ పెట్టే గొట్టాన్ని వెలుతురుకెత్తి చూడండి. ఆ రంధ్రంలోంచి వెలుగు కనపడాలి. ఉల్లిపాయ పొట్టో, కైమా పలుకో ఇరుక్కుంటే ఆవిరికి దారుండదు. కుక్కర్‌లో మూడింట రెండొంతులు మించి నింపొద్దు. సేఫ్టీ వాల్వు ఎవరో ఇచ్చింది కాక, ఆ కంపెనీదే వేయించండి. కొత్తది కొంటే ఐఎస్ 2347 అని ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూసి కొనండి.

---

కొత్తపేట_కోడలు · సోమవారం మధ్యాహ్నం 2:40

చూస్తాను బాబాయ్‌గారూ. చివరగా ఒకటి అడుగుతాను, విసుక్కోకండి. మా ఆయన బెంగళూరులో ఉండే తమ్ముడికి పంపుదామంటున్నారు. పచ్చి ఉండలు చుట్టి డీప్‌ఫ్రిజ్‌లో పెట్టుకుని కావాల్సినప్పుడు వండుకోవచ్చా, వండినవే పంపాలా?

---

లాలాపేట_ఆపా · సోమవారం మధ్యాహ్నం 3:15

ఇంట్లో దాచుకోవడానికైతే పచ్చివి పెట్టుకో. పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టాక డబ్బాలోకి మార్చాలి, లేకపోతే అన్నీ ఒకే ముద్దవుతాయి. కరగనివ్వకుండా అట్టాగే మరిగే మసాలాలో వేసి, మళ్లీ మరుగు పట్టాక మూతపెట్టు. సిమ్‌లో ఇంకో మూడు నిమిషాలు ఎక్కువ ఉంచు.

బెంగళూరుకి మాత్రం పచ్చివి పంపొద్దు, దారిలో కరిగితే పాడవుతాయి. వండినవైనా మసాలాతో సహా డీప్‌ఫ్రిజ్‌లో రాయిలా గడ్డకట్టించి, థర్మాకోల్ పెట్టెలో ఐసు ప్యాకెట్లు పెట్టి రాత్రి బస్సుకి ఇవ్వండి. పొద్దున దిగేసరికి చల్లగానే ఉండాలి, ఐసంతా కరిగి వెచ్చబడితే తినొద్దని ముందే చెప్పండి. వేడి చేసుకునేటప్పుడు మళ్లీ కుక్కర్ పెట్టకుండా మూకుడులో కాసిన్ని నీళ్లు చల్లి, కూరంతా తెర్లేదాకా సన్నసెగ మీద ఉంచమనండి.